ఆరీఫా గదిలో ఏడుపు, శ్రీరంగప్ప కొళాయిలో వాన

సోమవారం పొద్దున ఆరీఫా పెట్టుకున్న పని చాలా చిన్నది. గోడ గూట్లో ఒక పెట్టె పెట్టాలి, దాని వైరు ప్లగ్గులో గుచ్చాలి, పదకొండు గంటలకు వచ్చే మనిషి మాట విని పంపాలి. అంతే. ఇంతపాటి పని బోరు లారీ దాకా పోతుందని ఆరోజు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ చెప్పినవాళ్లనే కూర్చోబెట్టి కౌన్సెలింగు ఇచ్చి ఉండేది.

ఆరీఫాది మనసు బాగాలేనివాళ్ల మాట వినే వృత్తి. మందులివ్వదు, వింటుంది. అనంతపురంలో కాలేజీ ఉద్యోగం మానేసి, కళ్యాణదుర్గం రోడ్డులో శ్రీరంగప్ప ఇంటి ముందు గది అద్దెకు తీసుకుని సొంతంగా బోర్డు కట్టింది. ఆరోజే వాళ్ల నాయన రసూల్ సాబ్ గడువు పెట్టాడు. "ఆరు నెల్లు చూస్తా పాపా. పదిమంది నిలకడగా వస్తే నీ ఇష్టం. లేదంటే నోరు మూసుకొని మళ్లా కాలేజీకి పో." ఐదు నెలలు గడిచిపోయాయి. నిలకడగా వచ్చేది కృపాకుమారి అనే టీచరమ్మ ఒక్కతే. నిద్రపట్టక ఆరీఫా తనే ఇంకొకరి దగ్గర కూర్చుని ఏడ్చే స్థితికి వచ్చింది.

అందుకే ఆన్‌లైన్లో హరినాథ్ అనే కోచ్‌ని పట్టుకుంది. కౌన్సెలర్లు సొంత ప్రాక్టీసు ఎట్లా నిలబెట్టుకోవాలో వారం వారం ఫోన్లో నేర్పే మనిషి ఆయన. జన్మలో ఎవరి ఏడుపూ విన్నవాడు కాదు, ఏడుపు వినేవాళ్లకు వ్యాపారం చెప్పేవాడు. "మేడమ్, మీ క్లయింట్లు ఎందుకు రావట్లేదంటే, లోపలి మాట బయటికి వినిపిస్తోంది. గుట్టు దాగని చోట ఎవరు నోరు విప్పుతారు? ఒక సౌండ్ మెషీన్ పెట్టండి," అన్నాడు.

పెట్టె వచ్చింది. అందులో ఫ్యాను చప్పుడు, సముద్రం చప్పుడు, వాన చప్పుడు ఉన్నాయి. ఫ్యాను చప్పుడు ఎవరింట్లో లేదు గనక? సముద్రం ఆ వీధిలో చూసినవాడే లేడు. ఆరీఫా వాన నొక్కింది.

ఆ గూటి వెనక ఒక తెగిన పైపు మూతి ఉంది. శ్రీరంగప్ప పెరట్లో తవ్వించిన మూడో బోరు నుంచి వంటింటి కొళాయికీ, ముందు గదికీ వేసిన పైపు అది. మొదటి రెండు బోర్లలో దుమ్ము పడింది. మూడోదాంట్లో నీళ్లు పడి, సరిగ్గా మూడు నెలలు వచ్చి, ఎండిపోయాయి. అది జరిగి తొమ్మిదేళ్లు. ఈ సంగతులేవీ ఆరీఫాకు తెలియవు.

పదకొండు దాటాక శ్రీరంగప్ప భార్య నాగలక్ష్మమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. బయట ఎండ మాడ్చేస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉన్నట్టుండి కొళాయిలో వాన మొదలైంది. సన్నగా, ఎక్కడో భూమి అడుగున కురుస్తున్నట్టు. ఆవిడ కొళాయి కింద చెయ్యి పెట్టింది. పొడి. చెవి ఆనించింది. వాన, ఆ వానలో ఎవరో ఆడమనిషి ఏడుపు. మాటలు తెలియలేదు, ఏడుపు మాత్రం తెలిసింది. ఆవిడ చేతిలో చాట జారిపోయి బియ్యం నేలపాలయ్యాయి.

"ఏమయ్యో! ఈడికి రా! కొళాయిలో ఎవురో ఏడుస్తాండారు!"

శ్రీరంగప్ప వచ్చి విన్నాడు. పెరట్లోకి పోయి, బోరు మీది బండ జరిపి, బోర్లా పడుకుని విన్నాడు. అక్కడా వానే. ఆ ఎండలో ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పన్నెండుకు కృపాకుమారి కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగింది. వాన ఠక్కున ఆగిపోయింది.

బుధవారం ఆమె వచ్చింది, వాన వచ్చింది. శుక్రవారమూ అంతే. మిగతా రోజులు కొళాయి మూగది. శ్రీరంగప్ప రెండూ రెండూ కలిపి నాలుగు వందలు చేశాడు. ఆ గదిలో మనిషి ఏడిస్తే భూమి అడుగున నీళ్లు కదులుతున్నాయి.

శనివారం ఆయన ఆరీఫాను వాకిట్లో ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మేడమ్మా, రేపెవురన్నా ఏడ్చేవాళ్లు వస్తాండారా?"

చప్పుడెక్కువైందని గొడవకు వచ్చాడేమోనని ఆరీఫా భయపడింది. గది ఖాళీ చేయమంటే ఆర్నెల్ల మాట అటే పోతుంది. "అన్నా, లోపల జరిగేది నేను ఎవురికీ చెప్పకూడదు. అది మా వృత్తి ధర్మం. మీకేమన్నా వినపడిందా?"

"నాకేమీ వినపళ్ళేదు తల్లీ," అని శ్రీరంగప్ప రెండు చెంపలూ వేసుకున్నాడు. ఈమెకంతా తెలుసు, చెప్తే నీళ్లు పోతాయేమో, అందుకే దాస్తోంది అనుకుని లోపలికి పోయాడు. ఆరీఫా మాత్రం ఆయన చెంపలు ఎందుకు వేసుకున్నాడో అర్థంకాక చాలాసేపు నిలబడింది.

సోమవారం నాగలక్ష్మమ్మ కొత్త చీర కట్టుకుని, ఫీజు చేతబట్టుకుని వచ్చి కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

"ఏమక్కా, ఏం చెప్పాలనుకున్నావు?"

"చెప్పేదేమీ లేదు. ఏడవల్లంట. మొదలుపెట్టమంటావా?"

మనసులో బాధ దాచుకున్నవాళ్లు ఇట్లాగే హాస్యమాడతారని ఆరీఫా చదువుకుంది. "నీకెప్పుడు రావాలంటే అప్పుడే రానీ అక్కా," అని ఊరుకుంది. నాగలక్ష్మమ్మ కొంగు మూతికి పెట్టుకుని కాసేపు ఉత్తుత్త ఏడుపు ఏడ్చింది. పావుగంటకు ఏం గుర్తొచ్చిందో, ఏడుపు నిజమైంది. నలభై నిమిషాలు ఆగలేదు. అవతల కొళాయి కింద శ్రీరంగప్ప చేతులు జోడించి నిలబడ్డాడు.

ఆ గదిలో ఏడిస్తే నీళ్లు కదులుతున్నాయని, నీళ్లు పడితే ప్రతి ఇంటికీ పైపు లాగిస్తానని ఆయన వీధిలో చెప్పి మాటిచ్చాడు. మరుసటి గురువారం ఆరీఫా వచ్చేసరికి వసారాలో బిందెలు వరసగా ఉన్నాయి. ట్యాంకరు దగ్గర వంతుకు పెట్టినట్టు ఒకదాని వెనక ఒకటి, పదకొండు. వాటి వెనక గోడకానుకుని, నాగలక్ష్మమ్మతో కలిపి పదకొండుమంది ఆడవాళ్లు. ట్యాంకరు దగ్గరైతే జుట్లు పట్టుకునేవాళ్లు, ఇక్కడ ఒక్కరూ పలకడం లేదు. ఆమెను చూడగానే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"ఎవురు ముందు?" అంది ఆరీఫా నోరు పెగుల్చుకుని.

"నా బిందె," అంది ఎదురింటి పెద్దక్క, కర్ర పట్టుకుని లోపలికి నడుస్తూ.

ఆ రాత్రి నిద్రపట్టక, ఉన్న సంగతి కోచ్‌కి చెప్పింది. "అందరూ ఒక్కసారిగా ఎందుకు వస్తున్నారో తెలియదు సార్. కారణం అడిగితే చెప్పరు. వచ్చి ఏడ్చి పోతున్నారు. నాకు భయంగా ఉంది."

"భయమెందుకు మేడమ్! వెయిటింగ్ లిస్ట్ అంటే ఇదే! మీరు విజయాన్ని చూసి భయపడుతున్నారు. సౌండ్ పెంచండి, అంతే."

పెంచింది. పదకొండుమంది ఏడుపుకు మామూలు వాన చాలక, ఉరుముల వాన నొక్కింది. మరుసటి మధ్యాహ్నం శ్రీరంగప్ప బోరు మూతికి చెవి పెట్టేసరికి భూమిలో ఉరిమింది. ఆయన లేచి, ఒంటికంటిన మట్టి కూడా దులుపుకోకుండా ఉన్న ఒక్క ఎకరం చేను మీద అప్పుకు సంతకం పెట్టేశాడు.

సరిగ్గా ఆరు నెలలు నిండిన రోజు పొద్దున, ఆరీఫా తన పుస్తకంలో పన్నెండో పేరు రాసుకుని, నాయనకు ఫోన్ చేద్దామని తీసింది. అప్పుడే బోరు లారీ వచ్చి వాకిట్లో ఆగింది. గోడలు అదిరాయి. డ్రైవరు ఓబిలేష్ దిగి, "బోరు పాయింటు యాడ పెట్టల్ల?" అని కేకేశాడు.

"ఏంటన్నా ఇది?" అంది ఆరీఫా.

శ్రీరంగప్ప కళ్లు మెరుస్తున్నాయి. "ఇంగ దాచేదేముందమ్మా? నీ గదిలో ఏడిస్తే మా కొళాయిలో వాన కురుస్తాండాది. ఉరిమింది గూడా! చేను పెట్టేసినా. ఇదే ఆఖరు బోరు."

వాన. ఉరుము. ఆరీఫా చూపు గూటి మీదికి పోయింది. పెట్టె పక్కకు జరిపింది, వెనక పైపు మూతి నల్లగా కనబడింది. నోరు విప్పితే పన్నెండు పేర్లూ పోతాయి, రేపు కాలేజీకి నడవాలి. విప్పకపోతే ఈ మనిషి చేను పోతుంది. నాయన ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చింది, దాన్ని మింగింది. వైరు పీకి, పెట్టె తెచ్చి వసారాలో బిందెలతో కూర్చున్న ఆడవాళ్లందరి ముందు పెట్టింది.

"వాన ఇదన్నా. నీళ్లు కాదు, పెట్టె. నాకు తెలీక పైపుకెదురుగా పెట్టినా. తప్పు నాదే. లారీ పంపించెయ్యి. అక్కా, మీ ఫీజులన్నీ వాపసిచ్చేస్తా. నన్ను తిట్టండి."

ఎవరూ తిట్టలేదు. పదకొండుమంది ఆడవాళ్లూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"మాకు తెల్సులేమ్మా," అంది పెద్దక్క. "మొదటిరోజే కరెంటు పోయింది, వానా పోయింది. మాకామాత్రం తెలివి లేదనుకున్నావా?"

"తెలిసి ఎందుకొచ్చినారు?"

"ఏడ్చేకి పోతానంటే ఏ ఇంట్లో పంపిస్తారు పాపా? పనిలేదా అంటారు. నీళ్లకంటే ఎవురూ అడ్డం రారు. మా మొగోళ్లే ఫీజిచ్చి పంపినారు." పెద్దక్క పెట్టెను కర్రతో పక్కకు జరిపింది. "ఇది ఉన్నా లేకున్నా మాకొకటే. నువ్వు తలుపు మాత్రం మూయొద్దు."

ఆరీఫా అక్కడే గడప మీద కూలబడి, దాచుకోకుండా ఏడ్చేసింది.

తెలియనిది ఒక్క శ్రీరంగప్పకే. ఆయన భార్య వైపు చూశాడు. "నీకూ తెల్సా?"

"తెల్సు," అంది నాగలక్ష్మమ్మ. "చేను పెట్టినావని మాత్రం నాకు తెలీదు. చెప్పింటే ఆపింటాను."

ఆయన చెప్పులు విడిచి, ముందు గదిలోకి పోయి, తలుపు దగ్గరకు వేసుకున్నాడు. కాసేపటికి లోపల నుంచి మగగొంతు ఏడుపు వినబడింది. వసారాలో అందరూ తలలు దించుకున్నారు.

అప్పుడు వంటింట్లో కొళాయి మొదలుపెట్టింది. సన్నగా, భూమి అడుగున కురుస్తున్నట్టు. పెద్దక్క పెట్టె వైపు చూసింది. వైరు నేల మీద పడి ఉంది, పెట్టె దీపం వెలగడం లేదు. వాన పెరిగింది. ఆరీఫాతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్లు వంటింటి వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ ఎండలో ఎవరికీ చెమట పట్టలేదు.

ఓబిలేష్‌కు ఇవేమీ పట్టలేదు. లారీ హారన్ కొట్టి, "ఏమప్పా, పాయింటు చూపిస్తారా, పోనా?" అని అరిచాడు.

"ఉండప్పా," అంది నాగలక్ష్మమ్మ, కొళాయి కింద బిందె పెడుతూ. "ఆయప్ప ఇప్పుడే మొదలుపెట్టినాడు."