కోత పండుగలో ఫైవ్‌జీ డబ్బా

ఆ ఆదివారానికి ఎబినేజర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫైవ్‌జీ డబ్బాను తువ్వాలలో చుట్టి మిషను చర్చికి తీసుకుపోవాలి. తూర్పు కిటికీలో పెట్టి ప్లగ్గు పెట్టాలి. పదకొండు గంటలకు బస్టాండుకు పోయి, కరీంనగర్ నుంచి వచ్చే కంపెనీ మేడంను తీసుకురావాలి. ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చేసరికి వాళ్ల ఫోన్లన్నీ ఉరుకుతుండాలి. అది చూసి మేడం జిల్లా డీలర్‌షిప్పు అతనికే ఇవ్వాలి. అంతే. ఇంత చక్కటి పథకం చెడిపోతుందని ఎవరనుకుంటారు?

డబ్బా అంటే పెద్దదేమీ కాదు, టిఫిను గిన్నెంత. తెల్లగా ఉంటుంది. గాలిలోంచి సిగ్నలు పట్టుకుని ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్టు పంచుతుంది. పని చేస్తున్నప్పుడు దాని నెత్తిన ఆకుపచ్చ లైటు మినుకుమంటుంది. చూపించడానికని కంపెనీ ఒకటంటే ఒకటే పంపింది, మళ్లీ వాపసు ఇవ్వాలనే షరతుతో. ఆసిఫాబాద్ బజారులో ఎబినేజర్ నడిపే ‘షాలోము మొబైల్స్’ రెండు మేడల మధ్య ఇరుక్కుని ఉంది కనుక అక్కడ ఆ లైటు వెలగనే వెలగదు. చర్చి తూర్పు కిటికీకి మాత్రం టవరు ఎదురుగా కనబడుతుంది.

“డబ్బా జాగ్రత్త,” అంది లిడియా, పాప జడకు రిబ్బను కడుతూ. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. పిడుగు పడ్డా గొంతు పెంచదు. “గీ డీలర్‌షిప్పు గిట్ట రాలేదనుకో, రేపటి సంది మా బాపు గిర్నిల కూసోవాలె. మాటంటే మాటే.”

“వస్తది. రాకేం జేస్తది?” అన్నాడు ఎబినేజర్. అంటూనే డబ్బాకు తువ్వాలను ఇంకో చుట్టు చుట్టాడు.

గిర్ని పేరెత్తితే అతనికి తుమ్ములు వస్తాయి. మామ యెషయాకు ఊళ్లో పిండిగిర్ని ఉంది. మోకాళ్లు అరిగిపోయి మూడు నెలలుగా దానికి తాళం వేసి, అల్లుడు వచ్చి నడుపుతాడని ఎదురుచూస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో మర్యాదకని ఎబినేజర్ ఒక్క రోజు అక్కడ కూర్చున్నాడు. సాయంత్రం కనుబొమ్మలతో సహా తెల్లబడి ఇంటికి వస్తే, కన్నతల్లి సత్తవ్వ గడపలో ఆపి, “ఎవలు కావాలె బిడ్డా?” అని అడిగింది. ఆ దెబ్బకు అతను మళ్లీ అటు తిరిగి చూడలేదు. ఆరేళ్లుగా ఫోన్లకు గాజు రేకులు అతికించుకుంటూ బతుకుతున్నాడు. ఈ డీలర్‌షిప్పు వస్తే మనిషినవుతానని అతని ఆశ.

చర్చిలో ఆ రోజు కోత పండుగ. అంటే, ఎవరి పంటలో వాళ్లు మొదటిది తెచ్చి దేవునికి పెట్టడం, ఆరాధనయ్యాక వాటిని అక్కడే వేలం వేయడం. పత్తి ఇంకా మిల్లుకు చేరని రోజులు, ఎవరి చేతిలోనూ పైసలాడవు. అందుకని ఆ సంఘంలో వేలం పాట సరుకుతోనే పాడతారు. గుమ్మడికాయ కావాలంటే కుంచెడు కందులు, మేకపిల్ల కావాలంటే రెండు బస్తాల మక్కజొన్నలు. తరువాత గెలిచినవాళ్లు ఆ సరుకును సంఘానికి తెచ్చిపెడతారు.

కానుకలన్నీ పేర్చింది తూర్పు కిటికీ కిందనే. ఎబినేజర్ ఆ సంగతి చూడకపోలేదు. చూసి, రెండు గుమ్మడికాయలను అటూ ఇటూ జరిపి, సందులో డబ్బా పెట్టాడు. పొడుగాటి వైరు లాగి ప్లగ్గు పెట్టాడు. అందరి ఫోన్లకూ అందాలని పాస్‌వర్డు తాళం లేకుండా తెరిచిపెట్టాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. తృప్తిగా చూసుకుని బస్టాండుకు పోయాడు. పోయినవాడు తల్లికి ఒక్క మాట చెప్పిపోతే ఈ కథే లేదు.

బస్సు గంటంబావు ఆలస్యం. దిగిన మేడం పేరు మమతారాణి. చేతిలో రెండు ఫోన్లు, భుజానికి సంచి, ముఖంలో తొందర.

“చూడుండ్రి ఎబినేజర్ గారు, కాగజ్‌నగర్ శ్రీహరి కూడా అడుగుతుండు. ఆయనది పెద్ద షాపు. జనానికి నిజంగ కావాలని నాకు కనబడాలె. ఊకె మాటలు చెప్తే మా సారు ఒప్పుకోడు.”

“మీరు రాండ్రి మేడం, మీ కండ్లతోనే చూద్దురు,” అన్నాడు ఎబినేజర్.

చూసింది. ఇద్దరూ చర్చి గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల రెండు వందల మంది చేతులెత్తి అరుస్తున్నారు. తూర్పు కిటికీ పక్కన బల్ల మీద నిలబడి, వైరు ఊడకుండానే డబ్బాను పసిబిడ్డలా రెండు చేతులా పైకెత్తి పట్టుకుని ఉన్నాడు వెస్లీ సారు. రిటైరైన హెడ్మాస్టరు. ఇరవై ఏళ్లుగా కోత పండుగ వేలం ఆయనదే.

“సత్తవ్వ కొడుకు ఎబినేజర్ ఇచ్చిన ప్రథమ ఫలం! కొత్త మిషిను! లైటు కూడ ఎలుగుతుంది! రెండు కోళ్లు ఒకటోసారి!”

ఎబినేజర్ కిటికీ వైపు చూశాడు, గుమ్మడికాయల సందు ఖాళీగా ఉంది.

జరిగింది ఇది. ఊరందరూ పత్తో మక్కలో తెచ్చి పెడుతుంటే తన కొడుకు ఆరేళ్లుగా వట్టి చేతులతో వస్తున్నాడని సత్తవ్వ లోలోపల కుమిలిపోయేది. సెల్లుల దుకాణంలో పంటేముంటుంది పాపం! అలాంటిది, ఈ ఏడు రెండు గుమ్మడికాయల మధ్య కొడుకు డబ్బా కనబడింది. కొత్త వ్యాపారంలో మొట్టమొదటిది, ఎవరికీ చెప్పకుండా, గుట్టుగా దేవునికి పెట్టి పోయాడు! ఆమె అక్కడికక్కడే ఏడ్చి, లేచి అందరి ముందూ కొడుకు గురించి సాక్ష్యం చెప్పింది. పాస్టరు అయ్యగారు డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది.

“గిదేంది? అమ్మకం అప్పుడే షురువైందా?” అంది మమతారాణి, కళ్లు పెద్దవి చేసి. ఆమెకు కోత పండుగ సంగతి తెలియదు. వెంటనే ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది.

“ఒక్క నిమిషం మేడం,” అని ఎబినేజర్ మగవాళ్ల వరుసలోంచి ముందుకు తోసుకుంటూ పోయాడు. ఏమైతే అయింది, నిజం చెప్పేయాలి. డబ్బా పోతే కంపెనీ ఊరుకోదు. “అయ్యగారూ, జర ఆగుండ్రి...”

“రా బిడ్డా, నువ్వు కూడ సాక్ష్యం చెప్పు,” అని అయ్యగారు మైకు చేతికిచ్చారు.

ఎబినేజర్ మైకు పట్టుకున్నాడు. “గా డబ్బా నాది కాదు...” అన్నాడు.

“ఆమెన్!” అంది సంఘం.

“అది కాదు. నేను నిజంగ ఇయ్యలే. నేనెవన్ని ఇచ్చెటందుకు?”

“ఆమెన్! ఆమెన్!”

“సూసిండ్రా ఎంత తగ్గింపు గుణమో!” అన్నారు అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ. ఆడవాళ్ల వరుసలో మొదటనే కూర్చుని సత్తవ్వ కొడుకును చూస్తోంది. ఆ ముఖంలో అంత వెలుగు అతను తండ్రి పోయాక చూడలేదు. ఆ ముఖం ముందు ‘కిటికీలో ఊరికే పెట్టాను’ అనే మాట అతని నోట రాలేదు. చచ్చినా రాలేదు. మైకు ఇచ్చేసి వెనక్కి వచ్చాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి, తనే పాడుకోవడం. అదీ కుదరదు. ఇచ్చినవాడు పాడకూడదని వెనకటి పెద్దలు పెట్టిన కట్టుబాటు.

“సారూ, ఇంతకు అది ఏం పని జేస్తది?” అని గంగయ్య అడిగాడు. రెండు కోళ్లు పాడింది అతనే.

వెస్లీ సారుకు తెలియనిది లేదు, తెలియకపోయినా ఒప్పుకోడు. “ప్లగ్గు వెట్టాలె, లైటు ఎలుగుతది. నువ్వే అర్థం జేసుకో,” అన్నాడు.

“దోమల మిషినే,” అని గంగయ్య తేల్చేశాడు. వెనక ఎవరో నీళ్ల మిషిను అన్నారు. ఇంకొకరు కరెంటు పోతే అదే ఇస్తుందన్నారు. పాట మూడు కోళ్లకు వచ్చి ఆగింది.

మూడు కోళ్లు! లిడియా ఒక్క మాట అంటే డబ్బా దక్కుతుంది. కాని ఆమె ఆడవాళ్ల వైపు, ఏడో వరుసలో ఉంది. సైగ చేస్తే చూడటం లేదు. ఎబినేజర్ ఫోను తీసి, లిడియాకు గబగబా కొట్టాడు: ‘ఎంతకైనా సరే పాడు. ఇడిచిపెట్టకు. దాని విలువ ఇక్కడ ఎవ్వలకు తెల్వది.’ పంపాడు. పంపాక చూసుకున్నాడు. పొద్దుటి నుంచి అందరూ పండుగ ఫొటోలు పెడుతుండటంతో అన్నిటికంటే పైన ఉన్నది సంఘం గ్రూపు. మెసేజి అందులో పడింది.

మామూలుగా అయితే ఫికరు లేదు. ఆ చర్చిలో మొదటి పాటప్పుడు పంపిన మెసేజి ఆశీర్వాదం అయ్యాక గాని చేరదు. ఆలోగా తీసేయవచ్చు. కాని ఇవాళ కిటికీ దగ్గర ఫైవ్‌జీ ఉంది, దానికి తాళం లేదు, పొద్దుటి నుంచి పిల్లలు, ఎక్కడి నెట్టో అడగకుండానే, ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ దానికి తగిలించి పెట్టారు. ఎబినేజర్ వేలు ఇంకా పైకి లేవకముందే రెండు వందల జేబుల్లో, కొంగుల్లో, బైబిలు సంచుల్లో టింగుమంది. అయ్యగారి జేబులో కూడా టింగుమంది.

వెస్లీ సారు కళ్లజోడు సవరించుకుని, పాఠం చదివినట్టు బిగ్గరగా చదివాడు. “‘ఎంతకైనా సరే పాడు. ఇడిచిపెట్టకు. దాని విలువ ఇక్కడ ఎవ్వలకు తెల్వది.’ పంపినోడు, ఎబినేజర్.”

ఆ తరువాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

“మేకపోతు!”

“బస్తా కందులు! రెండు బస్తాలు!”

“క్వింటాలు పత్తి!”

“నా దుక్కిటెద్దు!” అని గంగయ్య బెంచీ ఎక్కాడు.

అతని భార్య చొక్కా పట్టి గుంజింది. “ఎద్దునిస్తే నువ్వు కాడి మోస్తవా? ఎక్కిన కాడికి చాలు, దిగు!”

“నీకు తెల్వది ఊకో! విలువ ఎవ్వలకు తెల్వదని రాసిండు గదా!”

“నాగ్గూడ తెల్వది గదా నీకెట్ల తెలిసె?”

మమతారాణి వీడియో తీస్తూనే ఉంది. “వాహ్! ఎడ్లు ఇస్తుండ్రు! ఎబినేజర్ గారు, పదేండ్ల సంది ఫీల్డుల ఉన్న, గింత డిమాండు నేనెన్నడు చూడలే!” అని మొత్తం తన పైఆఫీసరుకు పంపింది. ఎబినేజర్ లెక్క చూసుకున్నాడు. తన మూలాన ఊళ్లో ఒక ఎద్దు పోతోంది. డబ్బా పోతోంది. ఇవాళ కాకపోతే రేపు పరువూ పోతుంది.

అప్పుడు లేచింది లిడియా. చీర కొంగు సర్దుకుంది.

“ఇంటోళ్లు పాడొద్దు!” అని గంగయ్య అరిచాడు.

“నేను మా ఆయన దిక్కు పాడుతలేను, మా బాపు దిక్కు పాడుతున్న,” అంది లిడియా, రోగికి మందు పేరు చెప్పినంత నెమ్మదిగా. “మా బాపు గిర్నిల సంఘం అందరికి ఏడాది పొడుగూత పిండి పడ్తం. ఉత్తగనే.”

ఇంటింటికీ జొన్నలు, గోధుమలు, శనగపప్పు, పైసా లేకుండా ఏడాదంతా! దాని ముందు ఎద్దు ఎంత? గంగయ్య భార్యే ముందుగా చప్పట్లు కొట్టింది. గంగయ్య నోరు తెరవబోతే మూయించింది.

గోడ పక్కన కుర్చీలో ఉన్న యెషయా కర్ర ఊతగా లేచాడు. “గిర్ని నాదే బిడ్డా. మోకాళ్లే నా మాట ఇంటలేవు. నడిపేటోడు ఎవలు?”

లిడియా చెయ్యి చాపి చూపించింది. రెండు వందల తలలు ఎబినేజర్ వైపు తిరిగాయి. దేవుని ఇల్లు, ఎదురుగా తల్లి, పక్కన కంపెనీ మేడం. ఏం చేస్తాడు?

“సరే మామా,” అన్నాడు.

“ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!” వెస్లీ సారు గంట కొట్టాడు. సత్తవ్వ కోడలిని కావలించుకుంది. డబ్బా లిడియా ఒళ్లోకి వచ్చింది. ఆమె దాన్ని తువ్వాలలో చుట్టుకుంటూ మొగుడి వైపు చూసి నవ్విన నవ్వు మాత్రం నర్సు నవ్వు కాదు.

పోనీ, డబ్బా దక్కింది, ఒక ఏడాది తుమ్ముకుంటూనే బజారు షాపు కూడా చూసుకోవచ్చు, రెంటికీ తిరగవచ్చు అని ఎబినేజర్ మనసుకు సర్దిచెప్పుకుంటుండగా మమతారాణి ఫోను పట్టుకుని ఉరికివచ్చింది.

“ముబారక్! మా సారు వీడియో చూసిండు, జవాబు కూడ ఒచ్చె. జిల్లా డీలర్‌షిప్పు మీదే!”

“నిజంగనా మేడం?” ఎబినేజర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. “మరి శ్రీహరి?”

“శ్రీహరి లేడు గిరిహరి లేడు. ఒక్కటే షరతు. సిగ్నలు లేని గా బజారు షాపు వద్దన్నడు. జనం రోజూ వచ్చి, కమ్‌సే కమ్ అర్ధగంట కూసునే జాగ కావాలట. కూసుంటే గదా, డాక్టరుతోని ఫోన్ల మాట్లాడుడు, చేను ఫొటో పెట్టి పురుగు మందు అడుగుడు, అన్ని అప్లికేషన్లు నిదానంగ చూపిస్తం. గసొంటి జాగ ఇక్కడ ఏడున్నదండి?”

వెనక నుంచి కర్ర చప్పుడు దగ్గరయింది.

“ఉత్తగ పిండి పడ్తమంటే అర్ధగంటేంది మేడం, పొద్దూకేదాక కూసుంటరు,” అన్నాడు యెషయా. “మా గిర్ని మిట్ట మీదుంటది. టవరు ఎదురుంగనే.”

ఇప్పుడు పిండిగిర్నిలో, తూకం కాటా పైన అరలో, కంపెనీ వాపసు తీసుకోకుండా వదిలిన ఆ డబ్బా వెలుగుతూ ఉంటుంది. గింజల సంచులు వరుసలో పెట్టి జనం బెంచీల మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. మిషను చప్పుడుకు వీడియోలో మాట ఒక్కటీ వినబడదు, అయినా ఎవరూ లేవరు. మొదటి కనెక్షను తీసుకున్నది గంగయ్య. దోమలు తగ్గలేదని వారానికోసారి వచ్చి చెబుతుంటాడు. మూడు నెలల్లో జిల్లాలో ఎక్కడా పోనన్ని డబ్బాలు ఆ గిర్నిలోంచే పోయాయి. ఎబినేజర్ తుమ్ముతూనే సంతకాలు తీసుకుంటాడు. సాయంత్రం కనుబొమ్మలు తెల్లబడి ఇంటికి వెళితే సత్తవ్వ ఇప్పుడు గడపలో ఆపడం లేదు, వేడినీళ్లు పెట్టి ఉంచుతోంది.

కాగజ్‌నగర్ శ్రీహరి మాత్రం ఎక్కడైనా పాత పిండిగిర్ని అమ్మకానికి ఉందేమోనని వాకబు చేస్తున్నాడు.