వివక్ష రద్దు

ఆ రోజు పదకొండింటికి ఎంపీడీవో పూర్ణిమ మేడమ్ తనిఖీకి వచ్చేలోపు గోపీచంద్ చేయాల్సిన పని ఒక్కటే: ఊళ్లో ఎవరిపట్లా వివక్ష చూపరాదనే బోర్డును పంచాయతీ ఆఫీసు గోడకు తగిలించడం. ఆయన ఆ ఊరికి కొత్తగా వచ్చిన కార్యదర్శి. పైనుంచి వచ్చిన ఉత్తర్వు రెండు పేజీలుంది. అంతా ఎవరు చదువుతారులే అని "నేటి నుండి మన ఊళ్లో వివక్ష రద్దు" అని రాయించి, ఆటోకు మైకు కట్టి అదే ముక్క వీధివీధినా చెప్పించాడు.

పదింటికల్లా ఆఫీసు ముందు యాభైమంది పోగయ్యారు. అందరి చేతుల్లోనూ ఆధార్ జిరాక్సులే.

ముందు వరసలో క్వారీ కాలనీ మస్తానమ్మ ఉంది. ఆదివారం మనవరాలు వెన్నెల నిశ్చితార్థానికి కమ్యూనిటీ హాలు కావాలని ఆమె మూడు అర్జీలు పెట్టుకుంది. హాలు తాళంచెవి సర్పంచి భర్త మస్తాన్‌రావు జేబులో ఉంటుంది. ఆయన మూడుసార్లూ "రిపేరు" అన్నాడు.

మస్తానమ్మ గోపీచంద్‌ను నిలదీసింది. "హాలు సంగతి తర్వాత నాయనా. ఈ వివక్ష ఎప్పుడిచ్చారు, ఎప్పుడు రద్దు చేశారు? మా కాలనీకి ఒక్క నెలన్నా రాలేదే?"

"అది పథకం కాదు పెద్దమ్మా! అసలది ఉండకూడదు."

"మాకు ఉండకూడదా? పై బజారోళ్లకు ఉండొచ్చా?"

"ఎవరికీ ఉండకూడదు!"

మస్తానమ్మ వెనక్కి తిరిగి కేకేసింది. "ఇన్నారా? అందరికీ పీకేశారంట!"

అంతే, జనం నేలమీద బైఠాయించారు. "మా వివక్ష మాకియ్యాలి!"

ఆ కేకలకు మస్తాన్‌రావు బండేసుకుని వచ్చాడు. "ఏందయ్యా సెక్రెట్రీ, నాకు చెప్పకుండా రద్దేంది? ఈ ఊళ్లో ఏదైనా నా చేతిమీదుగా నడవాల్సిందే. మా తాతల నాటినుంచీ ఉన్న వివక్షను ఎట్టా తీసేస్తావో నేనూ చూస్తా!"

వెనక జీపు ఆగడం ఆయన చూడలేదు. చూసిన గోపీచంద్‌కు ఒళ్లంతా చెమట పట్టింది.

"కంగారుపడబాక నాయనా" అంటూ మస్తానమ్మ తన ఆధార్ జిరాక్సుతోనే గోపీచంద్‌కు గాలి విసిరింది.

పూర్ణిమ మేడమ్ జీపు దిగి నేరుగా వచ్చి మస్తానమ్మ పక్కనే కూర్చుంది. "వివక్షంటే పథకం కాదమ్మా. ఒకరికిచ్చి, ఫలానా వాళ్లని చెప్పి ఇంకొకరికి ఇవ్వకపోవడం."

మస్తానమ్మ ముఖం విప్పారింది. "అదా! పేరు తెలవదు గానీ తల్లీ, అది మాకు చానా ఏళ్లనుంచీ వస్తానే ఉందిగా! హాలు నేనడిగితే రిపేరు. అదే వారం ఈయన మనవడి పుట్టినరోజు ఆ హాల్లోనే. కేకు ముక్క మా గుమ్మం దాకా వచ్చింది, తాళమే రాలా. ఈ వివక్ష మాకొద్దు తల్లీ, రద్దే చేయండి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ మస్తాన్‌రావు వైపు తిరిగింది. "తాతల నాటినుంచీ ఉందన్నారు కదండీ?"

మస్తాన్‌రావు జేబు తడుముకున్నాడు. "రిపేరు... ఇందాకే అయిపోయిందండీ" అంటూ తాళంచెవి తీసి మస్తానమ్మ చేతిలో పెట్టాడు.

"ఆదివారం నువ్వూ భోజనానికి రావాల బాబూ" అందామె. "రిపేరు ఎంత బాగా చేయించావో చూసుకుందువుగాని."

ఆ సాయంత్రం గోపీచంద్ రిజిస్టరులో ఇలా రాశాడు: "వివక్ష రద్దయినది. ఇంతకాలం దానిని అందుకున్న లబ్ధిదారులు హర్షం వ్యక్తం చేసినారు."