వారానికి అరంగుళం

రవాణా సంస్థ ఉత్తర్వు చాలా మర్యాదగా ఉంది. పన్నెండో నంబరు బస్సు డ్రైవరుగారు మలుపు తిప్పినప్పుడల్లా వారి బొజ్జ హారన్ కొడుతోందనీ, పాదచారులు ఉలిక్కిపడుతున్నారనీ, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గని పక్షంలో వారిని స్టీరింగు నుంచి తప్పించి, ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులు భద్రపరిచే గదికి పంపడం జరుగుతుందనీ అందులో ఉంది.

ముప్ఫై ఏళ్లుగా బస్సు తప్ప మరో లోకం ఎరగని మనిషి. బెంగతో ఒక పూట భోజనం మానేశాడు. మర్నాడు దాన్ని కూడా కలిపి తిన్నాడు.

కుటుంబం అత్యవసరంగా సమావేశమైంది. ఆయన మనోబలాన్ని కాపాడటమే ప్రథమ కర్తవ్యమని ఏకగ్రీవంగా తీర్మానించింది. బరువు తూచే యంత్రం మనసు నొప్పిస్తుంది కాబట్టి కూతురు దాన్ని అటకెక్కించింది. ఇకపై ప్రగతికి కొలమానం యూనిఫారం ప్యాంటు. ప్రతి ఆదివారం ఉదయం, హాల్లో, అందరి సమక్షంలో తొడిగి చూడాలి.

మొదటి ఆదివారం ప్యాంటు బిగుతుగానే ఉంది. భర్త ముఖం చూడలేకపోయింది భార్య. ఆమె వృత్తి కుట్టుపని. ఆయన డ్యూటీకి వెళ్లగానే నడుము వెనక కుట్టు విప్పి, లోపలి గుడ్డ అరంగుళం వదిలి, మళ్లీ కుట్టేసింది.

రెండో ఆదివారం ప్యాంటు వదులైంది. ఆయన కళ్లు చెమర్చాయి. సంఘాల్లో మాట్లాడి అలవాటున్న బావమరిది కుర్చీలోంచి లేచాడు.

"బావా, ఇది నీ ఒక్కడి గెలుపు కాదు. క్రమశిక్షణ గెలుపు, సంకల్పం గెలుపు. మన కుటుంబంలో ఇంతవరకూ ఎవరూ తగ్గలేదు."

గెలుపుకు గుర్తుగా కేకు కోశారు.

ఆ తర్వాత అంతా పద్ధతి ప్రకారం నడిచింది. వారానికి అరంగుళం, వారానికో కేకు. మొదట్లో ఉదయపు నడక ఉండేది. ఫలితాలు ఇంత బాగున్నప్పుడు మోకాళ్లను కష్టపెట్టడం దేనికని మానేశారు. ఐదో వారానికి కుట్టులో గుడ్డ అయిపోతే ఆమె పాత యూనిఫారం కత్తిరించి అతుకు వేసింది. ఎనిమిదో వారానికి ఆయన డిపోలో ఆహార నియమాల మీద ఉపన్యాసాలు ఇస్తున్నాడు. హారన్ ఇప్పుడు తిన్నని రోడ్డు మీద కూడా మోగుతోంది. వైరింగు లోపమని మూడు ఫిర్యాదులు రాశాడు.

పరీక్ష రోజున సంస్థ డాక్టరు యంత్రం మునుపటి కంటే ఏడు కిలోలు ఎక్కువ చూపించింది.

"మీ మిషను పాడైంది డాక్టరుగారూ. చెయ్యి వదిలితే నా ప్యాంటు జారిపోతుంది, చూడండి," అన్నాడు డ్రైవరు.

డాక్టరు నడుము పట్టీ తిరగేశాడు. వరసలు వరసలుగా కొత్త కుట్లు. రెండు అతుకులు. పనితనం అద్భుతం.

డ్రైవరు, తోడుగా వచ్చిన తన భార్య వైపు తిరిగాడు. "మొదటిసారి వదులైంది... అది కూడానా?"

"అది కూడానండీ," అందామె. "మీరు తగ్గడం నా చేతుల్లో లేదు కదా. నా చేతుల్లో ఉన్నది చేశాను."

ఆయన ఇప్పుడు గొడుగుల మధ్య కూర్చుంటున్నాడు. అక్కడ హారన్ లేదు.

బదిలీ కాగితం మీద సంతకం పెడుతూనే డాక్టరు గొంతు తగ్గించి ఆమె కొట్టు ఎక్కడని అడిగాడు. తన భార్య బట్టలున్నాయట. అప్పటినుంచి ఆ గుమ్మం ముందు వరస తగ్గడం లేదు. భర్తల కోసం భార్యలు, తల్లుల కోసం కొడుకులు, అందరూ ప్రేమ కొద్దీ వచ్చినవాళ్లే. గత వారం ఆ వరసలో డాక్టరు భార్య కూడా కనిపించింది, చేతిలో తెల్లకోటుతో.

ఈ మధ్య మీకూ నడుము దగ్గర కాస్త వదులనిపించి, ఇంట్లో అందరూ మెచ్చుకుంటూ ఉంటే చాలా సంతోషం. కుట్టు మాత్రం తిరగేసి చూసుకోకండి.