పచ్చిక బీడులో పురుడు

ఆ ఆదివారం పొద్దున్న ఎడ్వినా ట్రాంటర్ వేసిన పథకంలో పొరపాటుకు చోటు లేదు. ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ కొండల మీద నడక క్లబ్బువాళ్ల షికారు, ఆపైన 'కుంటి బాతు' పబ్బులో భోజనం. ఆమె రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందుకే తల నెరిసినవాళ్లు కూడా ఆమె వెనక బడిపిల్లల్లా వరసకట్టి నడుస్తున్నారు.

వరసలో చివరివాడు డెస్మండ్ పీక్. భార్య మావిస్ పోయాక అతను నలుగురిలోకి రావడం ఇదే మొదలు. ఎవరూ పలకరించకపోతే బస్టాపు దగ్గర మెల్లగా జారుకుందామనుకున్నాడు. పలకరించారు గానీ, అందరూ వాన గురించే మాట్లాడారు.

పచ్చిక బీడు దాటుతుంటే గుంటలో ఒక గొర్రె వెల్లకిలా పడి ఉంది, నాలుగు కాళ్లూ గాల్లోకి. ముందు వెళ్లినవాళ్లు ఎండ కాచుకుంటోందనుకుని సాగిపోయారు. డెస్మండ్ మాత్రం ఆగిపోయాడు. మావిస్ పుట్టింటివాళ్లు గొర్రెలు పెంచేవారు. చూడి గొర్రె అలా పడితే తనంతట లేవలేదనీ, ఎవరూ లేపకపోతే ఊపిరాడక చస్తుందనీ ఆమే చెప్పింది.

బురదలోకి దిగి దాన్ని దొర్లించి నిలబెట్టాడు. దాని కాళ్లు వణుకుతున్నాయి. వదిలితే మళ్లీ పడేలా ఉంది. మోకాళ్ల మధ్య అదిమిపట్టి గట్టిగా కేకేశాడు.

"పడిపోయింది! నిండు కడుపుతో ఉంది! ఎవరైనా రండి!"

గాలి సగం మాటల్ని ఎత్తుకుపోయింది. వరస మధ్యలో ఉన్న నోరిస్ మిగిలిన సగాన్ని కొండపైకి అందించాడు.

"ఎడ్వినా గారూ! పడిపోయిందట! నిండు నెలలట!"

"ఎవరయ్యా?"

"ఏమో! డెస్మండ్ పట్టుకుని ఉన్నాడు!"

ఎడ్వినా తన వరసలోని ఆడవాళ్లను పరికించి చూసింది. అందరూ మనవల్ని ఎత్తినవాళ్లే. అంటే ఎవరో దారినపోయే అమ్మాయి. వెంటనే పబ్బుకు ఫోన్ చేసింది. పబ్బు నడిపేదీ, వంట చేసేదీ టిల్డాయే.

"టిల్డా, మేం కాస్త ఆలస్యంగా వస్తాం. ఇక్కడ గొర్రెల బీడులో ఒకామెకి పురుటి టైమయింది."

"అయ్యో తల్లీ! తొలి కాన్పా?"

"అడగలేదు. డెస్మండ్ దగ్గరున్నాడు."

"మగాడేం చేస్తాడండీ! కదలొద్దని చెప్పండి, వచ్చేస్తున్నాం!"

పబ్బు మొత్తం లేచింది. సెలవులో ఉన్న మంత్రసాని నర్సు వైన్ గ్లాసు పక్కన పెట్టింది. టిల్డా బకెట్లో వేణ్ణీళ్లు, ఎవరో దుప్పట్లు పట్టుకున్నారు. టడ్జ్ అనే రైతు అందరినీ ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కించాడు.

వాళ్లూ ఎడ్వినా ఒకేసారి అక్కడికి చేరారు. డెస్మండ్ మోకాలిలోతు బురదలో నిలబడి, "భయపడకమ్మా, అందరూ వచ్చేశారు" అని ఓదారుస్తున్నాడు.

"డెస్మండ్, ఆవిడేదీ?" అంది ఎడ్వినా.

"ఇదేనండీ ఆవిడ."

ఎడ్వినా మొహం కందగడ్డలా అయింది. "ఊరినంతా లేపుకొచ్చాను. నన్ను క్షమించాలి," అంది. బడిలో ఆమె నోట ఆ మాట విన్నవాళ్లు లేరు.

"ఇది నా గొర్రే! పొద్దున్నుంచీ వెతుకుతున్నా!" అని టడ్జ్ ముందుకు దూకాడు. అంతలో గొర్రె కూలబడింది, దానికి నిజంగానే నొప్పులు మొదలయ్యాయి. కడుపులో పిల్ల కాలు అడ్డం తిరిగింది. నర్సు చొక్కా చేతులు పైకి మడిచి దాన్ని సరిచేసింది. ఒక పిల్ల, వెనకే ఇంకొకటి.

"ఇన్నేళ్ల సర్వీసులో ఇంత తక్కువ గోల చేసిన తల్లిని చూడలేదు," అంది నర్సు.

టడ్జ్ డెస్మండ్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నువ్వు ఆగకపోతే మూడూ పోయేవయ్యా," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది టిల్డాకి. "నా మాంసం!"

పబ్బుకు తిరిగొచ్చేసరికి ఓవెన్లో ఉన్నది బొగ్గు. టడ్జ్ ఇంటికి పరిగెత్తి పంది తొడ మాంసం, జున్ను, భార్య చేసిన 'ఆపిల్ పై' అనే తీపి వంటకం అన్నీ మోసుకొచ్చాడు. డెస్మండ్‌ని మధ్యలో కూర్చోబెట్టి అందరూ జరిగిందంతా మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

"ఇదంతా నీకెవరు నేర్పారయ్యా?" అన్నాడు నోరిస్.

"మా మావిస్," అన్నాడు డెస్మండ్.

టడ్జ్ లేచి గ్లాసెత్తాడు. "ఆ తల్లికి మా థ్యాంక్స్." బల్ల చుట్టూ అన్ని గ్లాసులూ లేచాయి. డెస్మండ్ కళ్లు తుడుచుకుని, తన గ్లాసు కూడా ఎత్తాడు. ఆఖరి బస్సు వెళ్లిపోయిన చప్పుడు అతనికి వినబడనే లేదు.

ఊరినంతా లేపుకొచ్చినందుకు టడ్జ్ కృతజ్ఞత కొద్దీ మొదట పుట్టిన పిల్లకి ఎడ్వినా అని పేరు పెట్టాడు. అది పొట్టేలని ఆమెకు చెప్పే ధైర్యం క్లబ్బులో ఇంతవరకూ ఎవరికీ రాలేదు.