ఇస్పేటు రాణి, వయసు ఇరవై ఒక్క రోజులు

బొద్దాం మండలాఫీసు కంప్యూటరుకి జ్ఞాపకం చాలడం లేదని తేలడంతో, కార్తీకమాసం మొదటి సోమవారం నాడు గ్రామసేవకుడు తవిటినాయుడి తలకాయను దానికి తగిలించారు.

కొత్త డబ్బా రావడానికి రెండేళ్ళు పడుతుందని పై ఆఫీసువాళ్ళు రాశారు. తవిటినాయుడు ముప్పై రెండేళ్ళు సర్వే గొలుసు మోసినవాడు. మూడు గ్రామాల్లో ఏ గట్టు ఎవరిదో, ఏ హద్దురాయి ఎవరి హయాంలో ఎన్ని జానలు నడిచి వెళ్ళిందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఇంకా ఖాళీ కూడా బాగా ఉందని గుమాస్తా జోగారావు పరీక్ష చేసి రాశాడు. కుడిచెవి వెనక వైరు పెట్టారు. దోమ కుట్టినట్టు ఉంటుందన్నారు, కందిరీగ కుట్టినట్టు ఉంది. అది తప్ప వేరే ఫిర్యాదు లేదని సంతకం తీసుకున్నారు.

మనిషన్నాక ఇంటికి పోవాలి కాబట్టి వైరు ఆరు వందల గజాలు ఇచ్చారు. ఆఫీసు కిటికీలోంచి బయలుదేరి, రేషన్ షాపు మీదుగా, రజకుల వీధి చుట్టి తవిటినాయుడి అరుగు దాకా వస్తుంది. అతని భార్య పోలమ్మ దాని మీద చీరలు ఆరేసేది. తడి బట్టలు వేస్తే రికార్డులు నెమ్ముతాయని జోగారావు ఒక నోటీసు పంపాడు. పోలమ్మ ఆ నోటీసును కూడా ఉతికి అదే వైరు మీద ఆరేసింది.

బొద్దాంలో కరెంటూ నెట్టూ కలిసి వచ్చేది పదకొండింటికి. పన్నెండున్నర లోపు ఏదో ఒకటి పోతుంది. అప్పుడు జోగారావు కంప్యూటరును నిద్రపుచ్చుతాడు. ఆపేయడు. ఆపేస్తే దాని తలలో నడుస్తున్నవన్నీ చెదిరిపోతాయి. నిద్రపుచ్చితే అన్నీ ఓ మూల రాసిపెట్టుకుని పడుకుంటుంది, లేచాక అక్కడి నుంచే మొదలెడుతుంది. దీన్ని హైబర్నేషన్ అంటారు. ఇక్కడ నడుస్తున్నది తహసీల్దారు గారు ఒక్కరే ఆడుకునే పేకాట. ఏడాది క్రితం మొదలెట్టారు, మధ్యలో ఉంది. వారికి ఓడిపోయే అలవాటు లేదు, గెలిచే తొందరా లేదు.

నిద్రకు సంబంధించిన నియమం ఒక్కటే. కంప్యూటరు పడుకున్నప్పుడు దానికి తగిలించిన వస్తువు ఎలా ఉందో, లేచేసరికి అలాగే ఉండాలి. అంటే తవిటినాయుడు ఇంటి దగ్గర కొత్తగా ఏదీ తెలుసుకోకూడదు. తెలుసుకుంటే మర్నాడు పదకొండింటికి కంప్యూటరు లేచి వెతికి పట్టుకుంటుంది. ‘నాకు తెలియనిది ఇతనిలో ఉంది. తుడిచేస్తున్నాను’ అని తెర మీద చూపిస్తుంది. కింద ‘సరే’ అని ఒక మీట ఉంటుంది. మరో మీట లేదు.

దీంతో పెద్ద ఇబ్బందేమీ రాలేదు. ఇల్లు కురుస్తోందని తవిటినాయుడు రోజూ కొత్తగా కనిపెట్టి, రోజూ తాటాకులు తెస్తానని బయలుదేరేవాడు. బావమరిది గట్టు తెగ్గొట్టాడన్న సంగతి పోలమ్మ పద్నాలుగు సార్లు చెప్పింది, అతను పద్నాలుగు సార్లు కర్ర పట్టుకుని లేచాడు. పదిహేనోసారి నుంచి ఆమె చెప్పడం మానేసింది. నిద్రలో మాత్రం అతను పేకముక్కల పేర్లు కలవరించేవాడు. ఆట అతని తలలోనే పెట్టారు కాబట్టి అది సహజమే.

రెండో శనివారం నాడు, ఆఫీసు సెలవులో, కూతురు రమణమ్మకు ఆడపిల్ల పుట్టింది.

తవిటినాయుడు పిల్లను చూసి వీధంతా బెల్లం పంచాడు. సోమవారం పదకొండింటికి తుడుపు పడింది. సాయంత్రం ఇంటికొచ్చి ఉయ్యాల చూసి ఎవరి పిల్లని అడిగాడు. చెప్పారు. మళ్ళీ బెల్లం పంచాడు. నాలుగు రోజులయ్యేసరికి ఊళ్ళో బెల్లం తిన్నవాళ్ళు కూడా విసుక్కున్నారు.

పోలమ్మకు బెల్లం గురించి బెంగ లేదు. ఇరవై ఒకటో రోజున బారసాల. ఆ ఇంట్లో పిల్ల చెవిలో పేరు చెప్పాల్సింది తాత, మూడు సార్లు. చెప్పిన పేరు చెప్పినవాడికే గుర్తు లేకపోతే ఆ పిల్ల పిలిస్తే పలకదని వాళ్ళ నమ్మకం. తవిటినాయుడు తన తల్లి పేరు, అసిరమ్మ అని, ఎప్పుడో అనుకుని ఉంచాడు. పిల్లకు ఇరవయ్యో రోజున పోలమ్మ కొప్పు బిగించి, సరిగ్గా పదకొండింటికి ఆఫీసులోకి జొరబడింది.

“ఓ జోగారావు బాబూ, మా మావని ఒక్క రోజుకి ఊడదీసియ్యి. ఎల్లుండి మళ్ళీ మీరే తగిలించుకుందురు.”

“నేను కాదనలేదు మామ్మా. భద్రంగా ఊడదీయాలి, అదీ సంగతి,” అన్నాడు జోగారావు. మీట నొక్కాడు. ‘ఈ వస్తువు వాడుకలో ఉంది. కొంతసేపాగి ప్రయత్నించండి’ అని వచ్చింది.

“ఎవులు వాడతన్నారు?”

జోగారావు తలుపు వైపు చూశాడు. లోపల గదిలో తహసీల్దారు గారు తెరకేసి చూస్తూ గెడ్డం గోక్కుంటున్నారు.

“గబుక్కున పీకెయ్యి మరి. ముల్లు పీకినట్టు.”

“పక్క మండలంలో సేవకుడు సన్యాసి అనేవాణ్ణి అలాగే పీకారు మామ్మా. ఇప్పుడతన్ని ఏ కంప్యూటరుకి పెట్టినా, ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతోంది. చేయమనాలో వద్దో వాళ్ళావిడ ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.”

పోలమ్మ లోపలికి వెళ్ళింది. తహసీల్దారు గారు మర్యాదస్తులు, కూర్చోమన్నారు.

“మీ బాధ నాకు తెలుసమ్మా. ఆట అయిపోగానే మీ ఆయన మీ ఇంటికే. ఇస్పేటు రాణి ఒక్కటి బయటికి రావాలి. కింద ఎక్కడో ఇరుక్కుంది.”

“ఏడాది బట్టి ఒక్క ఆడకూతురు బయటికి రాలేదంటే, ఆట మీకు రాదన్నమాటే బాబూ.”

“చూశావా జోగారావూ,” అన్నారు తహసీల్దారు గారు, “జనానికి ఓపిక తగ్గిపోయింది.”

వైరు చివర స్టూలు మీద కూర్చున్న తవిటినాయుడు భార్య అరుపులన్నీ విన్నాడు. కంప్యూటరు అప్పుడు మెలకువగానే ఉంది కాబట్టి ఆమె నల్లని కొప్పు, ఎర్రని కళ్ళు, ఊపుతున్న చెయ్యి పక్కాగా రికార్డులో ఎక్కాయి.

ఆ తరవాత పోలమ్మకు దారి తోచింది. మొగుడు ఇంట్లో ఉంటే కంప్యూటరు నిద్రపోతుంది, కంప్యూటరు లేస్తే మొగుడు ఆఫీసులో ఉంటాడు. అయితే బారసాలే ఆఫీసుకి వెళ్ళాలి. మర్నాడు పళ్ళెంలో బియ్యంతో, పసుపు గుడ్డలో పిల్లతో, ముత్తయిదువలు ఐదుగురితో వచ్చి వరసలో నిలబడింది. పదిహేడో నంబరు చీటీ ఇచ్చారు. ముందున్న పదహారు మందీ కులం, ఆదాయం, నివాసం కాగితాల వాళ్ళు.

తవిటినాయుడి స్టూలు ముందున్న కౌంటరు కిటికీ ఒక్క ముఖం పట్టేటంతే ఉంటుంది. ఒక చీటీకి ఒక ముఖమని బోర్డు కూడా ఉంది. పన్నెండూ ఇరవైకి పదిహేడో నంబరు పిలిచారు. పోలమ్మ పిల్లను ఎత్తి కిటికీలో పెట్టింది. ఫ్యాను అప్పటికే నీరసంగా తిరుగుతోంది.

“బేగి సెప్పు మావా, కరెంటెల్లిపోతాది!”

తవిటినాయుడు పిల్లను చూసి నవ్వి, చెవి దగ్గర నోరు పెట్టి “అసిరమ్మ” అన్నాడు. “అసిరమ్మ” అన్నాడు. సరిగ్గా అప్పుడే లోపల గదిలో తహసీల్దారు గారు, ఇంకెంతకాలం అని విసుగెత్తి, ఒక ముక్క మీద గట్టిగా నొక్కారు. తలలో ఎక్కడో ఇరుక్కున్నది పైకి తన్నుకొచ్చింది.

“ఇస్పేటు రాణి,” అన్నాడు తవిటినాయుడు మూడోసారి, పిల్ల చెవిలో.

కరెంటు పోయింది.

మర్నాడు చూసుకుంటే తవిటినాయుడికి మనవరాలు చక్కగా గుర్తుంది. పోలమ్మ గెలిచినట్టే. కానీ రికార్డులో పిల్ల పేరు అసిరమ్మ అసిరమ్మ ఇస్పేటు రాణి అని ఉంది. పేకలో యాభై ఒక్క ముక్కలే ఉన్నాయి. యాభై రెండోది పిల్లకు పోయింది. ఒకే రాణి రెండు చోట్ల ఉండడానికి నిబంధనలు ఒప్పుకోవు. పిల్ల పేరు మారిస్తే ముక్క తిరిగొస్తుంది. పేరు మార్చాలంటే పేరున్న వస్తువును, అంటే తవిటినాయుడిని, ముందు భద్రంగా ఊడదీయాలి. ఊడదీయాలంటే ఆట అయిపోవాలి. జోగారావు ఇదంతా ఒక కాగితం మీద గుండ్రంగా గీసి చూపించాడు. పోలమ్మ ఆ గుండ్రాన్ని చాలాసేపు చూసింది.

“మీ నోట్లో మన్ను పొయ్య,” అని, పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది.

తహసీల్దారు గారికి ఆ వేసవిలో బదిలీ అయింది. చార్జి అప్పగించే జాబితాలో బీరువాలు మూడు, కుర్చీలు పదకొండు, సగంలో ఉన్న పేకాట ఒకటి అని రాసి కొత్తాయనతో సంతకం పెట్టించుకున్నారు. ఒక అధికారి ఆటను మరో అధికారి ముగించకూడదు. కొత్తాయన ఆ తెరను ముట్టుకోరు. ఉదయం వచ్చి ఒక నమస్కారం పెట్టి తన పని చూసుకుంటారు.

ఏడాది తిరిగేసరికి మరో చిక్కు వచ్చింది. పిల్ల ఇంట్లో పాకింది, నిలబడింది, నడిచింది. తవిటినాయుడి లెక్కలో మనవరాలి వయసు ఇరవై ఒక్క రోజులు. గుమ్మం పట్టుకుని “తాతా” అన్న పిల్లను చూసి, “ఎవులి పిల్లవమ్మా? మా పాప నిద్దరోతంది, అరవకు,” అని ఖాళీ ఉయ్యాల ఊపాడు. దాంతో పోలమ్మ నెలకోసారి పిల్లను తీసుకెళ్ళి చీటీ తీసుకుని కిటికీలో చూపించడం మొదలెట్టింది. తవిటినాయుడు చూస్తాడు, ఎక్కించుకుంటాడు, తరవాతి నంబరు. పిల్ల అతని తలలో నెలకో మెట్టు చొప్పున పెరిగింది. పళ్ళు వచ్చినప్పుడు ‘ఈ’ అని చూపించడానికి ఒక చీటీ, జుత్తు తీయించినప్పుడు గుండు చూపించడానికి ఇంకో చీటీ పట్టాయి.

ఊళ్ళో జనం కూడా సంగతి గ్రహించారు. చెరువు గండి పడినవాళ్ళు, ఇల్లు కూలినవాళ్ళు, కోలుకున్న రోగులు, అందరూ వరసలో నిలబడి ముఖం చూపించి పోతున్నారు. చూపించనిది జరగలేదు. మొదట్లో జరిగిందని వాదించేవాళ్ళుండేవారు. వాళ్ళకు ‘సరే’ మీట చూపించేవారు.

పిల్లకిప్పుడు ఆరేళ్ళు. బళ్ళో పేరు ఇస్పేటు రాణి. పిలిస్తే పలుకుతుంది.

మొన్న ఆషాఢంలో పోలమ్మ ఇంటి ముందు వైరు మీద చీర ఆరేస్తుంటే, తవిటినాయుడు అరుగు మీంచి లేచి తలగుడ్డ తీసి మర్యాదగా నిలబడ్డాడు.

“ఎప్పుడొచ్చినావత్తా? అయ్యో, నువ్వు పోయినావని ఎవులో సెప్పినారే! అబద్ధం కావాల.”

పోలమ్మకు ముందు ఏమీ అర్థం కాలేదు. తరవాత కొప్పు తడుముకుంది. జుత్తు ముగ్గుబుట్టయింది. ముందు పళ్ళు రెండు లేవు, అచ్చం పోయిన తన తల్లిలాగే. నెలనెలా పిల్లను కిటికీలోకి ఎత్తిందే గానీ, ఎత్తి పట్టుకున్నవాళ్ళ ముఖం ఆ కిటికీలో పడదు. రికార్డులో ఆమె ఆరేళ్ళనాటి పోలమ్మ. నల్లని కొప్పు, ఎర్రని కళ్ళు.

మర్నాడు తన కోసం చీటీ తీసుకుంది. నలభై మూడో నంబరు.

“ఏం చూపించాలి మామ్మా?” అన్నాడు జోగారావు. అతని జుత్తూ పండింది, కానీ అతని చీటీ ముందే అయిపోయింది.

“నన్నే నాయినా. ముసిల్దాన్నయిపోయినానని ఎక్కించుకోండి.”

“ఎప్పటి నుంచి?”

“ఏమో. సూసుకోనేదు.”

“తేదీ లేకపోతే కష్టం. సరే, కూర్చో.”

ముప్పై తొమ్మిదో నంబరు దగ్గర నెట్టు పోయింది. తవిటినాయుడు లేచి, వైరు చుట్టుకుంటూ ముందు వెళ్ళిపోయాడు. పోలమ్మ చీటీని కొంగున ముడేసుకుని వెనకాల నడిచింది. చీటీ రేపటికి పనికిరాదు, కొత్తది తీసుకోవాలి. ఇంటికి చేరేసరికి అతను అరుగు మీద చాప పరిచి ఉంచాడు.

“రా అత్తా, కూకో. పోలమ్మ ఆఫీసుకెల్లి అందరి మీదా అరస్తంది. ఒచ్చేస్తాది.”

పోలమ్మ చాప మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది.

“ఒచ్చేస్తాదిలే అల్లుడా,” అంది. “వరస పెద్దదిగుంది.”