ఉసిరికాయంత బుడగలో కార్త్స్న్య సంగ్రామము

సకలవాహన ధూమధూపితమై, మెట్రోస్తంభ పంక్తివిరాజితమై, హారన్ల మంగళవాద్యములతో పగలనక రేయనక మారుమ్రోగు ఉప్పల్ మహాకూడలికి ఉత్తరమున, కర్మాగారముల పొగగొట్టముల నీడలో నాచారమను పురము కలదు. ఆ పురమున, శ్రావణమాసపు శనివారము నాడు, మబ్బు పట్టియు వాన కురియక, ఉక్కపోత యొక్కటే ఏకచ్ఛత్రముగ రాజ్యమేలుచున్న మధ్యాహ్నవేళ, వంటింట కుక్కరు కడపటి కూత కూసి శాంతించిన శుభముహూర్తమున, ఏ పురాణమునను చెప్పబడనిదియు, ఏ శాసనమునను చెక్కబడనిదియు, ఇకమీద చెక్కబడునన్న ఆశయైనను లేనిదియు నగు నొక ఘోరసంగ్రామము జరిగెను. వినుడు. కూర్చుండి వినుడు. నిలుచుండి వినదగినంత చిన్నకథ కాదు.

ఆ సంగ్రామమున కథానాయిక స్వర్ణలత. చిల్కానగర్‌లోని యొక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరు. నల్లబల్లపై చేతితో వృత్తము గీసినచో వృత్తలేఖినియే సిగ్గుపడి పెట్టెలో దాగుకొనునంతటి హస్తలాఘవ ధురీణ. ఆమెకు ఎదుటిపక్షము గిరిప్రసాద్. అదే బడిలో తెలుగు మాస్టారు, గుంటూరు సీమనుండి వచ్చి ఉప్పల్‌లో కాపురమున్నవాడు, సంధులు విడదీయుటలో నిర్దయుడు, బొమ్మలు గీయుటలో మాత్రము నవనీతహృదయుడు.

వీరిద్దరు కలిసి బడిపిల్లల కొరకు ఒక బొమ్మలకథల పుస్తకము తలపెట్టిరి. కథయు బొమ్మలును మాస్టారివి. పాత్రల నోళ్లనుండి వెలువడు మాటల బుడగలలోని అక్షరములన్నియు టీచరమ్మవి. ఆ అక్షరములను కంప్యూటరుతో పెట్టింపరాదా యని ప్రిన్సిపాల్ అరుణకుమారి మొదటనే సెలవిచ్చియుండెను. పెట్టించి చూచిరి. ఆ యంత్రము "స్త్రీ" అను మాటను మూడు తునకలుగ నరికి, తునకకు తునకకు నడుమ చుక్కల వలయములు పేర్చి, తానేమో ఘనకార్యము చేసినట్లు తెరపై మినుకుమినుకుమనెను. అది చూచి స్వర్ణలత స్టాఫ్‌రూములో బల్ల చరచి లేచెను.

"ఒక్క అచ్చరం గూడ మిషన్ల వెట్టేది లేదు మేడం! పాళీ పట్టి, సిరా ముంచి, అన్ని నేనే రాస్త. రాయకపోతే నా పేరు స్వర్ణలతనే గాదు!"

ఆ భీషణ ప్రతిజ్ఞను దేవతలు వినలేదు గాని, గుమ్మమువద్ద కాపీ పుస్తకములు మోసుకొనివచ్చిన పిల్లలు విని, బడియంతయు చాటిరి. నాటినుండి మాటలులేని ఆ బొమ్మల పుటలు స్టాఫ్‌రూము గోడపై వ్రేలాడుచుండ, పిల్లలు కిటికీకి ముక్కు లానించి, "టీచర్, గా రాక్షసుడు ఏమంటుండు టీచర్?" అని నిత్యము అడుగుచునే యుండిరి. వచ్చు సోమవారము నాడు పుస్తకము చేతికిచ్చి, ఏమనుచున్నాడో మీరే చదువుకొనుడని చెప్పెదనని ఆమె మాట యిచ్చెను. కాన పుటలన్నియు రాసెను. చివరి పుటలో చివరి బుడగ యొక్కటి మిగిలెను.

అయ్యో, ఆ బుడగ!

అందులో రాక్షసుడు పలుకవలసిన వాక్య మిది: "ఓరీ బాలకా! నిన్ను కార్త్స్న్యంగా మింగెదను!"

కార్త్స్న్యంగా అనగా పూర్తిగా, మెతుకైనను మిగులకుండ అని అర్థము. ఉప్పల్ మొదలు దమ్మాయిగూడ వరకు ఏ యింటను ఎవ్వరును ఆ మాట పలికియుండలేదు. ఏలయన పలుకబోయిన నాలుక మడతపడును, వ్రాయబోయిన చేయి తడబడును. అందలి ఒక్క రకారము క్రింద తకార సకార నకార యకారములు నాలుగును వత్తులై, ఆఫీసువేళ సిటీబస్సు ఫుట్‌బోర్డుపై ప్రయాణికులవలె ఒకదాని నొకటి పట్టుకొని వ్రేలాడుచుండును. అంతటి అక్షరమునకు మాస్టారు విడిచిన చోటెంత? రాక్షసుని మీసముపై మమకారము కట్టలు తెగి, దానిని పెంచి, మెలిపెట్టి, మరల పెంచి గీయగా, బుడగకు మిగిలినది ఉసిరికాయంత.

"'మొత్తం' అని రాస్త సార్, పడ్తది," అని టీచరు మంగళవారము నాడే విన్నవించుకొనెను.

"మొత్తమా!" అని మాస్టారు నొచ్చుకొనెను. "మొత్తం ఎంతయిందీ అని కూరగాయల బండి దగ్గర అడుగుతాం మేడం. రాక్షసుడికి ఓ హోదా ఉండొద్దూ?"

"హోదా ఉంటె బుడగ గూడ పెద్దగ గియ్యాలె గద సార్!"

అంతే. ఆ క్షణమునుండి ఇరువురి నడుమ మాటలు లేవు. బొమ్మలోని రాక్షసునికి మాటలు కూర్చవలసిన ఇద్దరును మూగవోయిరి.

ఇప్పుడు శనివారము. నాచారము పారిశ్రామికవాడలోని చిన్న ప్రెస్సుకు అధిపతియగు బాలరాజు ఉదయమే ఫోను చేసి, "అయిదింటి లోపల పేజీ రాకుంటె నేను షటర్ గుంజి ఘట్‌కేసర్ పోత మేడం, మా బామ్మర్ది పెండ్లి. మల్ల ఎన్నడొస్తనో నాకే ఎరుకలేదు," అని కఠోరముగ పలికియుండెను. కావున మాస్టారు రోషమును మింగి, ఆ పుటను అట్టల నడుమ భద్రపరచి, స్వర్ణలత యింటికి వచ్చి, మాట్లాడకయే కుర్చీలో కూర్చుండెను. టీచరు మాట్లాడకయే టీ యిచ్చెను. ఇరుసేనల నడుమ చాపపై, చిక్కుడుకాయల ఈనెలు తీయుచు, టీచరు అత్తగారైన లక్ష్మీనర్సమ్మ రాయబారిగా వెలసెను.

"అత్తమ్మా, గా సార్‌కు జెప్పుండ్రి," అని కోడలు గోడవైపు చూచుచు పలికెను. "మీసం జర తక్కువ జేస్తే అచ్చరం పడ్తది."

లక్ష్మీనర్సమ్మ అటు తిరిగెను. "సారూ, మీసం తీసెయ్యమంటుంది."

మాస్టారు ఉలికిపడి తన మూతి తడుముకొనెను. "నా మీసమా అమ్మా?"

"ఎవల్దో నాకేమెరుక? మీసమన్నది, జెప్పిన."

మాట తనది గాక రాక్షసుని మీసమును గూర్చియని తెలిసినంతట, గిరిప్రసాద్ కుర్చీలోనే సింహమువలె ఒళ్లు విదిల్చి, టీకప్పు నేలబెట్టి, దక్షిణహస్త మెత్తి ఇట్లు గర్జించెను.

"అమ్మా! మేడం గారితో ఇలా మనవి చేయండి. ఆ మీసాన్ని వెంట్రుక వెంట్రుకా విడదీసి, కళ్లు లాగేలా గీశాను. సముద్రం ఇంకిపోనీ, కొండలు కుంగిపోనీ, ఉప్పల్ రింగ్‌రోడ్డు మీద ట్రాఫిక్కే ఖాళీ అయిపోనీ, ఆ మీసంలో ఒక్క పోగు కూడా కదలదు!"

"కుదరదంటుండు బిడ్డ," అని రాయబారి సంగ్రహించెను.

అప్పుడు స్వర్ణలత కన్నులు జేగురించెను. కొంగు నడుమున దోపి, లేచి, నలుదిక్కులును వినునట్లు పలికెను. "గట్లనా? అయితే జెప్పుండ్రి అత్తమ్మా! మీసం మీసమే ఉండనీ, మాట మాటే ఉండనీ. ఉసిరికాయల గాదు, ఆవగింజల రాయమన్నా రాస్త. గా నాలుగు వత్తులను నాలుగు దిక్కుల పట్టుకొచ్చి గీ బుడగల గూసోబెడ్త. సూస్తుండమను!"

"సూస్తుండమంటుంది," అని లక్ష్మీనర్సమ్మ మరియొక చిక్కుడుకాయ విరిచెను.

అంతట ఆయుధధారణ మారంభమాయెను. వాలుబల్లపై పుటను పరచి, నాలుగు మూలల టేపు నంటించి, స్కేలు మోపి, కంటికి ఆనీ ఆనని పెన్సిలు గీతలు గీసెను. చెమట పుటపై రాలకుండ నుదుటికి చేతిరుమాలు శిరస్త్రాణముగ బిగించెను. గాలికి కాగితము చలించునని ఫ్యాను కట్టివేయించెను. గదియందలి గాలి స్తంభించెను. పిదప కాటుకకన్న నల్లనైన సిరాబుడ్డి మూత తీసి, సన్నని పాళీని ముంచి, బుడ్డి అంచున నొక్కమారు తాకించి, మిగులు సిరాను విదిల్చి, ఊపిరి బిగబట్టి, రణరంగమున కాలిడెను.

"ఓరీ బాలకా" అనునది గడ్డిపోచవలె తెగెను. "నిన్ను" నిలువలేక లొంగిపోయెను. "కా" వచ్చి గౌరవముగ నిలిచెను. ఆపై రకారము, చిన్నదైనను గంభీరమైనది, తన స్థానము నలంకరించెను. దాని క్రింద తకారపు వత్తు వ్రాలెను. దాని ప్రక్కగ సకారపు వత్తు ఒదిగెను. నకారపు వత్తును గోరంత సందులో దూర్చునప్పుడు స్వర్ణలత నాలుక కొస బయటికి వచ్చి పెదవి మూలను నిలిచెను. పాళీ చేసిన కిరకిర తప్ప గదిలో మరే ధ్వనియు లేకపోయెను. కోపగించిన మాస్టారు కూడ, తనకు తెలియకయే, కుర్చీనుండి జారి చాప అంచునకు వచ్చియుండెను.

మిగిలినది యకారపు వత్తు. ఓ యకారమా! వత్తులన్నిటిలో నీవు తోక పొడవుగలదానవు. క్రిందనుండి బయలుదేరి, కుడివైపునకు సాగి, పైకి లేచినగాని నీకు తృప్తి లేదు. నీవు సాగవలసిన ఆ కుడివైపుననే, బుడగ గీతను త్రోసికొని లోపలికి వచ్చి, కోడిపుంజు తోకవలె మెలి తిరిగి, నిక్కి నిలిచియున్నది రాక్షసుని మీసపు కొస!

పాళీ గాలిలో నిలిచెను. దాని మొనపై సిరాబొట్టు వణకెను. సరిగ్గా ఆ నిమిషమున, ఇనుపచువ్వల నెత్తికొనిన మహాలారీ యొకటి వీథిని పోవుచు, గుంతలో పడి లేచెను. తలుపులు గజగజలాడెను. గిన్నెలు ఘణఘణలాడెను. బొట్టు రాలెను. రాలి, బుడగలోని తెలుపును వదిలి, అక్షరమును వదిలి, తిన్నగా మీసపు కొసపై పడి, నేరేడుపండువలె ఉబ్బెను.

"మేడం! నా మీసం!" అని గిరిప్రసాద్ ఆక్రోశించెను.

"అయ్యో సార్! నేను గాదు, లారీ!"

ఇరువురును ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. మంగళవారమునుండి కట్టిన మౌనపు కోట లారీ కుదుపునకు కూలెను.

"ఇగ మీరే మాట్లాడుకుంటున్రు గద. నేను కూర పొయ్యిమీద వెడ్త," అని లక్ష్మీనర్సమ్మ రాయబారము చాలించి, చిక్కుళ్ల గిన్నెతో నిష్క్రమించెను.

మాస్టారు మోకాళ్లపై కూలబడి ఆ నల్లని పండును చూచుచుండెను. గడియారము నాలుగు దాటియుండెను. బొట్టు ఎండువరకు చూచి, మెల్లగా అనెను. "పోనీలెండి మేడం. నా మొండితనం వల్లే ఇదంతా. దానిమీద తెల్లరంగు పూసేసి, 'మొత్తం' అని రాసేయండి. పిల్లలు ఎదురుచూస్తున్నారు."

ఆ మాట కొరకై ఆమె నాలుగు దినములు పోరాడినది. అది దొరికిన క్షణమున, ఏమి చిత్రమో, ఆమెకు రుచింపలేదు. తాను కూర్చుండబెట్టిన వత్తులవైపు చూచెను. అవి ఒకదాని నొకటి కరచుకొని, ఎంతో నమ్మకముతో, తమ చివరి తోబుట్టువు కొరకు కాచుకొని యున్నట్లు తోచెను.

"ఏమంటున్రు సార్?" అని ఆమె పాళీతో ఆ వత్తులను చూపెను. "మూడు వత్తులను పిలిచి గూసోబెట్టిన. ఇప్పుడు నాలుగోదాన్ని గడపల నిలవెట్టి మొగం మీద తలుపేయమంటరా? నాతోని గాదు. రాక్షసుడు కార్త్స్న్యంగనే మింగాలె!"

ఆహా! ఆ మాటను ఆమె తడబడక, ఒక్క హల్లును జారవిడువక పలికెను. కోస్తాలో చదివిన కాలమునను అంత స్వచ్ఛముగ నొకరు పలుకగా గిరిప్రసాద్ వినియుండలేదు. ఆయన కన్నులు చెమ్మగిల్లెను. లేచెను. బల్లపైనున్న బ్లేడును తన చేతికి తీసికొనెను.

"మేడం, జరగండి. నేను గీసిన మీసం నేనే గొరుగుతాను."

స్వర్ణలత ప్రక్కకు జరిగెను. మాస్టారు పండ్లు బిగించి, ముఖము ప్రక్కకు త్రిప్పి, మరల చూడక తప్పదు గనుక చూచి, బ్లేడు అంచుతో మెల్లమెల్లగా గీరెను. ఎండిన సిరా పొడియై లేచెను. మెలి పోయెను. కొస పోయెను. కుడివైపు మీసము చెవిదాక పోవునది కాస్తా చెంపదగ్గరనే ఆగిపోయెను. ఆయన ఆ నల్లపొడిని ఊదలేక ఊదెను.

అయినను గండము గడువలేదు. గీరిన చోట కాగితము గరుకై నూగుపట్టెను. దానిపై సిరా పెట్టినచో దూదిలో నీరువలె ప్రాకును.

"అత్తమ్మా! చెంచా!" అని స్వర్ణలత కేకవేసెను.

"ఏ చెంచా? పప్పుదా, ఉప్పుదా?"

"ఏదైతేంది, తొందరగ!"

లక్ష్మీనర్సమ్మ పరుగున వచ్చి, కొంగుతో తుడిచి, స్టీలు చెంచాను దివ్యాస్త్రమువలె అందించెను. టీచరు దాని వీపుతో గరుకుచోటును రుద్ది రుద్ది, అద్దమువలె నునుపు చేసెను. మరల పాళీని ముంచెను. మాస్టారు ఊపిరి బిగబట్టెను. అత్తగారును, కూర మాడునేమో యను చింతను క్షణకాలము విడిచి, ఊపిరి బిగబట్టెను. వీథిలో లారీలేమో యని ముగ్గురును చెవులొగ్గిరి. నాచారము నిశ్శబ్దమాయెను, లేదా వారికట్లు తోచెను.

యకారపు వత్తు బయలుదేరెను. నకారమును ఒరయక క్రిందికి దిగెను. కుడివైపునకు సాగెను. బుడగ గీతకును, కురచయైన మీసమునకును నడుమ, నూలుపోగంత సందున, తోక నెత్తుకొని, లేచి, నిలిచెను!

పిదప "ంగా మింగెదను" ఎట్లు వచ్చెనో ఎవరికిని తెలియదు. వచ్చెను. ఆశ్చర్యార్థకము కత్తివలె వ్రాలెను.

ఆటో నెక్కి, ఆరీ ఆరని పుటను ఇద్దరు చెరొక అంచును పట్టుకొని ప్రెస్సు చేరునప్పటికి, బాలరాజు పెండ్లి చొక్కా తొడుక్కొని షటరుపై చేయి వేసియుండెను. పుటను వెలుతురున కెత్తి చూచెను.

"ఏంది మేడం గిది? కార్... కార్త్... నోరే దిరుగుతలేదు." మరల చూచెను. "అచ్చరం మాత్రం మస్తు గూసుందబ్బ. గని మీసం ఒకదిక్కు పొట్టిగ అయ్యిందేంది?"

"యుద్ధంలో పోయింది లెండి," అని మాస్టారు గంభీరముగ బదులిచ్చెను.

బాలరాజు ఒక్క నిమిష మాలోచించి, చొక్కా చేతులు పైకి మడిచెను. "ఎక్కిచ్చే పోత. పెండ్లికొడుకు ఏడికి పోతడు!"

యంత్రము ఘుర్ఘురించెను. తొలి కాగితము వెచ్చగా వెలువడెను. ఇద్దరును తలలు దగ్గరచేసి, మూడవ తల బాలరాజుది చేర్చి, ఆ మూలను పరికించిరి. గిరిప్రసాద్ నిట్టూర్చి, "మేడం, ఈసారి రాక్షసుణ్ణి మూగవాణ్ణి చేస్తాను," అనగా, స్వర్ణలత కడుపుబ్బ నవ్వెను.

కావున ఓ నాచార పురజనులారా, ఉప్పల్ కూడలిలో ఎర్రదీపము చెంత నిలిచిన బాటసారులారా, తెలిసికొనుడు! ఆ శ్రావణ శనివారమున, అయిదు గంటలకు కొంచెము మునుపు, ఉసిరికాయంత బుడగలో, ఒక్క రకారము క్రింద, తకార సకార నకార యకారములు నాలుగును, ఒకదాని కాలు నొకటి త్రొక్కక, గీత దాటక, రాక్షసుని మీసమును తాకక, క్షేమముగ కూర్చుండెను. జయము! జయము! దిగ్విజయము!