నక్షత్ర కణానికి సెలవెందుకు?

సెలవు అనేది పనికిమాలిన అలవాటు. ఈ మాట అంటున్నది మిల్లు యజమాని కాదు. వారానికో సెలవు కావాలని ముప్పై ఏళ్ళుగా మిల్లు గేటు ముందు గొంతు చించుకున్న యూనియన్ కార్యదర్శిని, సాక్షాత్తూ నేనే!

నవ్వకండి. నా దగ్గర సైన్సు ఉంది.

మన బుర్రలో ముఖ్యంగా రెండు రకాల ఉద్యోగులున్నారు. మొదటి రకం న్యూరాన్లు. కబుర్లు మోసేదీ, పేరు కొట్టేసేదీ ఇవే. రెండో రకం ఆస్ట్రోసైట్లు. నక్షత్రాల్లా చుట్టూ చేతులు చాచుకుని ఉంటాయి. న్యూరాన్‌కి తిండి అందించేది ఇవి. రక్తం ఎటు ఎంత పోవాలో కనిపెట్టేది ఇవి. రెండు న్యూరాన్లు మాట్లాడుకున్నాక మధ్య సందులో మిగిలిపోయిన రసాయనాన్ని ఊడ్చి పారేసేదీ ఇవే. ఒక్కో ఆస్ట్రోసైటు అలాంటి సందుల్ని వేలూ లక్షలూ చూసుకుంటుందట. ఇంత చాకిరీ చేసేవాటిని శాస్త్రవేత్తలు చాలాకాలం ఏమనుకున్నారో తెలుసా? జిగురు! న్యూరాన్లు జారిపోకుండా పూసిన బంక!

మరి అవి ఎప్పుడైనా సెలవడిగాయా? ధర్నా చేశాయా? జెండా పట్టాయా? ఎంత సంస్కారమండీ!

ఈ జ్ఞానం నాకు కాలేజీలో రాలేదు. కాలేజీ గేటు దగ్గర కరపత్రాలు పంచడమే తప్ప లోపలికి వెళ్ళిన పాపాన పోలేదు. మా యూనియన్ ఆఫీసు చూసుకునే అక్క తెచ్చిన చిన్న పుస్తకంలోంచి వచ్చింది. ఆవిడ నన్ను అన్నా అంటుంది, నేను ఆవిణ్ణి అక్కా అంటాను. పెద్దెవరో పంతొమ్మిదేళ్ళుగా తేలలేదు. పని మాత్రం ఆవిడే చేస్తుంది.

ఆవిడ భర్తకి మూర్ఛ. నెలకోసారి వచ్చేది ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తోంది. మొన్న మెట్ల మీద పడి నుదురు చీరుకుపోయింది. మందు మార్చాల్సిన డాక్టరు బుధవారమే చూస్తారు. మా కమిటీ మీటింగూ బుధవారమే. అలా మూడు బుధవారాలు పోయాయి. నాలుగోదానికి ముందురోజు, ఆస్పత్రిలో ఇచ్చిన ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, మాటలు కొరుకుడు పడటం లేదు, చదివి చెప్పమంది. రేపటికి సెలవు కూడా ఇమ్మంది.

చదివాను. చెప్పాను. ఆవిడకి సెలవెందుకు ఇవ్వకూడదో కూడా అందులోంచే చెప్పాను.

“చూశావా అక్కా, నీలాంటివే బుర్రని నిలబెడుతున్నాయి. నువ్వు లేకపోతే మేం లేం.”

“అవి పని మానేస్తే ఏమవుతుందని రాశారన్నా?”

“ఆ పేజీదాకా ఇంకా రాలేదు.”

“వచ్చాక చెప్పండి. రేపు మాత్రం నేను రాను.”

రాలేదు.

మీటింగులో మొదటి అంశం, కార్మికులందరికీ వారపు సెలవు. ప్రవేశపెట్టింది నేనే. మినిట్సు పుస్తకం బీరువాలో ఉంది. బీరువా తాళం ఎక్కడుందో భగవంతుడికే తెలియాలి. తాగడానికి నీళ్ళు లేవు. అయినా ఉద్యమకారులం, దాహానికి బెదురుతామా?

మాకో పద్ధతుంది. మాట్లాడేవాళ్ళు విషయాన్ని చీటీ మీద రాసి బల్ల మీద పెడతారు. ఆ విషయం ముగియగానే అక్క వెనకనుంచి వచ్చి, మంచినీళ్ళ గ్లాసు పెట్టే వంకతో చీటీ తీసుకుపోతుంది. ఆరోజు చీటీలు ఉన్నచోటే ఉండిపోయాయి. ఉపాధ్యక్షుడి కన్ను ఒకదాని మీద పడింది, ఎప్పుడో చల్లారిన క్యాంటీను గొడవ మళ్ళీ లేచింది. దాన్ని ఆర్పబోయి నేను ఇంకో చీటీ చూశాను, పోయిన ఎన్నికలు లేచాయి. గంట తిరక్కుండా తొమ్మిది మందిమి తొమ్మిది గొడవల్లో ఒకేసారి అరుస్తున్నాం. అందరికంటే పెద్ద గొంతు నాదేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

“నీది నోరా, మిల్లు సైరనా?” అన్నాడు ఉపాధ్యక్షుడు.

“సైరనైతే టైముకి ఆగుతుంది” అన్నాడు కోశాధికారి.

సెలవు మాట తేలకుండానే కమిటీ రెండు ముక్కలైంది. ఖాళీ గదిలో కూర్చుని మిగిలిన పేజీ చదివాను. ఆస్ట్రోసైట్లు దెబ్బతిని ఆ మిగులు రసాయనాన్ని ఊడవకపోతే న్యూరాన్లు ఆగకుండా రెచ్చిపోతాయట. మూర్ఛల్లో కొన్నింటికి అదీ ఒక కారణమట. మరీ రెచ్చిపోయిన న్యూరాన్ చచ్చిపోతుందట కూడా. పగవాడెవడూ అక్కర్లేదు, తన అరుపే చాలు!

మర్నాడు అక్క వచ్చింది.

“ఏమన్నారు డాక్టరు గారు?”

“మందు మార్చారన్నా. రెండు నెలలు ప్రతి బుధవారం తీసుకురమ్మన్నారు.”

అంటూనే ఒక కాగితం నా ముందు పెట్టింది. మిల్లు కార్మికుల కోసం మేమే అచ్చువేయించిన వారపు సెలవు అర్జీ. అక్షరం అక్షరం నేను రాసిందే. కింద ‘యజమాని సంతకం’ అని ఖాళీ గడి.

“ఇక్కడ యజమాని ఎవరక్కా?”

“నాకు పనులు పురమాయించేది ఎవరన్నా?”

లోకంలోని యజమానులందరూ చెప్పే మాటే నా నోటివెంట తన్నుకొచ్చింది. “పైవాళ్ళతో మాట్లాడి చెప్తాను.”

“పైన నీళ్ళ ట్యాంకుంది. మాట్లాడి రండి. కూర్చుంటాను.”

కూర్చుంది. ఆ ఆఫీసులో ఆవిడ కుర్చీలో కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి.

సంతకానికి యాజమాన్యాలు అంతలా ఎందుకు గింజుకుంటాయో అప్పుడు తెలిసొచ్చింది. పెట్టడం కష్టమై కాదు. పెడితే, ఇన్నాళ్ళూ పెట్టలేదని ఒప్పుకున్నట్టే.

పెట్టాను.

ఆవిడ కాగితం తీసుకుని చూసి, మళ్ళీ నా ముందుకే తోసింది.

“తేదీ కూడా వేయండన్నా.”